‘హెచ్చరిక కాల్పుల’తోనే వార్త అయిపోతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

సముద్రంలో ఏదో పడవను తీర రక్షక దళం అడ్డగించిందంటే పత్రికల్లో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. అందులో ‘హెచ్చరిక కాల్పులు’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. యోకొహామాలో జపాన్ తీర రక్షక దళం మ్యూజియం చూసేదాకా నేనూ అది చదివి పేజీ తిప్పేసేవాడిని.

ఆ మ్యూజియం అంతా దాదాపు ఒక్క నౌక కోసమే. 2001 డిసెంబరు 22న కాల్పుల మధ్య మునిగిపోయిన ఉత్తర కొరియా గూఢచారి నౌక అది. పొడవు 30 మీటర్లకు కాస్త తక్కువ. మరుసటి సెప్టెంబరులో సుమారు 90 మీటర్ల లోతు నుంచి పైకి తీసి, తుప్పూ తూట్లూ కనిపించేలా నిలబెట్టారు. ముందునుంచి చూస్తే చైనా చేపల పడవే. వెనక్కి వెళ్తే రెండు తలుపులు, లోపల మరో చిన్న పడవను దాచే చోటు. రాకెట్ లాంచర్లు, విమానాలను కూల్చే మెషిన్ గన్ కూడా ఉన్నాయి. ఏ చేపల కోసమో మరి!

తర్వాత ఆ ఘటన గురించి చదివితే ఇంకా ఆశ్చర్యం వేసింది. ఆగమన్నా ఆగని ఆ నౌకను వెంటాడింది గూఢచర్యం నేరం కింద కాదు, చేపల వేట చట్టం కింద తనిఖీకి లొంగనందుకు. వెంటాడటం మొదలైంది జపాన్ ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే తీరానికి ఆవల చేపల వేట వంటి వాటిపై ఆ దేశానికే హక్కుండే సముద్ర ప్రాంతంలో; నౌక మునిగింది చైనాకు చెందిన అలాంటి మండలిలో. మొదట ఆకాశంలోకి, నీళ్లలోకి కాల్చారు. ఆ తర్వాత నౌక మీదికే. రాత్రి అటునుంచి తూటాలు, రాకెట్లు వచ్చాక ఎదురుకాల్పులు జరిగాయి. ముగ్గురు జపాన్ సిబ్బంది గాయపడ్డారు. అవతలి నౌకలో ఒక్కరూ ప్రాణాలతో దొరకలేదు. వాళ్లే తమ నౌకను పేల్చేసుకున్నారని జపాన్ అంటోంది.

నడిపేది తీర రక్షక దళమే కాబట్టి మ్యూజియంలో వినిపించేది జపాన్ వాదనే, కాదనను. అయితే మొదట తమకు సంబంధం లేదన్న ఉత్తర కొరియా, నౌక పైకి వచ్చిన నెలలోనే మాట మార్చింది. ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లిన అప్పటి జపాన్ ప్రధాని కోయిజుమి ముందు ఆ దేశ నేత కిమ్ జోంగ్ ఇల్ అది తమ వాళ్ల పనేనని ఒప్పుకున్నారు.

ఇలాంటి వార్త వేసేటప్పుడు, ఘటన ఎవరి జలాల్లో జరిగిందో, ఏ చట్టం కింద ఆగమన్నారో, గుళ్లు గాలిలోకి పేలాయో పడవలోకి దిగాయో కూడా రాయించండి. చోటు చాలదంటే పక్కన వేసే పాత ఫొటో తీసేయండి.

– ఒక పాఠకుడు