33 బుక్ చేసుకున్నవాళ్ళకి

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఫార్ములా వన్ కార్ల రేసుల్లో రెడ్ బుల్ టీమ్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ నంబర్ అనుకుని 2025 డిసెంబర్‌లో నేవీ బ్లూ టీషర్ట్ మీద ౩౩ బుక్ చేసుకున్న 112 మందికి ఆ టీషర్ట్ రాదు. కొరియర్ ఆలస్యమవుతోందని నెలాఖరులో నేను పెట్టిన మెసేజ్ అబద్ధం. సరుకు డిసెంబర్ 22నే వచ్చింది, మా హాల్లో సోఫా పక్కన రెండు మూటలుగా ఉంది, మా అబ్బాయి దాని మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు. ఏం చెయ్యాలో తేలక, చెప్పడానికి మొహం చెల్లక మూడు వారాలు నానబెట్టాను.

మన దగ్గర కొత్తగా కొంటున్నవాళ్ళకి ఒక్క ముక్క. మనం టీమ్ లోగోలు వెయ్యం, దానికి లైసెన్స్ కావాలి, అంత స్థోమత మనకి లేదు. టీమ్ రంగు, డ్రైవర్ నంబర్ తెలుగు అంకెల్లో, అంతే. ఫెరారీ ఎరుపు మీద హామిల్టన్ ౪౪, మెక్‌లారెన్ బొప్పాయి రంగు మీద పియాస్త్రి ౮౧. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు 200 టోపీలతో మొదలైన వ్యాపారం ఇది. ఆ ఉత్సాహంలో మరుసటి ఏడాదికి ముందే టోపీలు కుట్టించాను, 2024 జనవరిలో రేసు రద్దయింది, '2024' అని రాసి ఉన్న ఆ టోపీలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. మన రూలు అప్పుడు పుట్టింది: ప్రకటన రాకుండా బట్ట కత్తిరించం.

ఆ రూలు గురించి నేను కొట్టుకున్న డబ్బా మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2025 జూలైలో వెర్‌స్టాపెన్ మెర్సిడెస్ టీమ్‌కి వెళ్ళిపోతున్నాడని ఒకటే గోల. జూలై 9న టీమ్ బాస్ హార్నర్‌ని రెడ్ బుల్ తీసేసింది, మెర్సిడెస్ తన డ్రైవర్ రసెల్‌కి కొత్త కాంట్రాక్ట్ ఇంకా ఇవ్వలేదు, వెర్‌స్టాపెన్‌కి రెడ్ బుల్‌తో 2028 దాకా కాంట్రాక్ట్ ఉన్నా అందులో బయటికొచ్చే దారి ఒకటుందట, మెర్సిడెస్ బాస్ వుల్ఫ్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ సెలవులకి సార్డీనియాలోనే ఉన్నారట. రోజుకి పది మెసేజ్‌లు: "అన్నా, మెర్సిడెస్ నలుపు మీద వెయ్యన్నా, ముందు వేసినవాడిదే లాభం." వెయ్యలేదు. నలుగురైదుగురు కోపంతో వేరే చోట కొనుక్కున్నారు కూడా. జూలై 31న హంగరీలో వెర్‌స్టాపెనే నోరు విప్పి 2026లో రెడ్ బుల్‌లోనే ఉంటానన్నాడు. ఆ సాయంత్రం నేను పెట్టిన స్టేటస్ కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటున్నా.

ఆ పొగరే డిసెంబర్‌లో నా కొంప ముంచింది. 7వ తారీకు అబుదాబీ రేసు వెర్‌స్టాపెన్ గెలిచాడు, టైటిల్ మాత్రం మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్‌కి పోయింది. నోరిస్‌కి 423, వెర్‌స్టాపెన్‌కి 421. రెండంటే రెండే పాయింట్లు. 1 నంబర్ ఛాంపియన్‌ది కాబట్టి అది నోరిస్ తీసుకుంటాడు, వెర్‌స్టాపెన్ తన పాత 33కి వెళ్తాడు. ఎవరినడిగినా ఇదే చెప్పేవాళ్ళు. 2014 నుంచి డ్రైవర్ ఎంచుకున్న నంబర్ కెరీర్ మొత్తం అతనిదే అన్నది అప్పటిదాకా రూలు, వెర్‌స్టాపెన్ 2015 నుంచి 2021 దాకా 33 మీదే నడిపాడు. ఇది రూమర్ కూడా కాదు, లెక్క అనుకున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకి, పోడియం మీద షాంపేన్ ఇంకా ఆరకముందే, తిరుప్పూర్‌లో మనకి బట్ట కుట్టి ప్రింట్ వేసే ఆయనకి ఫోన్ చేసి 160 చెప్పాను. బుకింగ్ కూడా తెరిచాను.

నంబర్ మార్చుకోవడానికి కొత్తగా వీలు కల్పించారన్న సంగతి నేను చదవలేదు. కొద్ది రోజులకే వార్త: వెర్‌స్టాపెన్ 3 తీసుకుంటున్నాడు. మాజీ డ్రైవర్ రికార్డో వాడిన 3. రెండు మూళ్ళ కంటే ఒక మూడే ఇష్టమట. మహానుభావుడు!

వార్త చూసిన పది నిమిషాల్లో తిరుప్పూర్‌కి ఫోన్ చేశాను. "ఇంకా బట్టే రాలేదు సార్, ఆపేస్తాను" అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను, మా ఆవిడ పక్కనే ఉంది. నాలుగు రోజులు నిశ్చింతగా ఉన్నాం. 22న ఆటోవాడు వచ్చి రెండు మూటలు దించాడు. తాడు కోసి చూస్తే ౩౩. అన్నీ ౩౩. ఫోన్ చేస్తే, "మీరు ఆపమన్నది టోపీలనుకున్నాను సార్" అంటాడు. టోపీలు నేను ఆర్డరే ఇవ్వలేదు! మూడేళ్ళుగా సరుకు దిగిన రోజే డబ్బు పంపుతున్నాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు, దానికి దక్కిన మర్యాద ఇది. వెనక్కి తీసుకోనన్నాడు. సగం ధర తగ్గించమన్నాను, నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలో మోగుతోంది. అతని పేరు ఇక్కడ రాయను, అడగొద్దు.

అసలు కథ ఆ రాత్రి. మా ఆవిడే అంది, "ఒక మూడు పీకేస్తే సరిపోదా?" స్క్రీన్ ప్రింట్ పీకితే రాదు, సిరా నూలులోకి దిగుతుంది, అంటే అదేదో తెలిసినవాడిలా పెద్ద క్లాసు పీకాను. ఆవిడ వినలేదు. వంటింటి గట్టు మీద టీషర్ట్ పరిచి, అంకె మీద బటర్ పేపర్ వేసి, ఇస్త్రీ పెట్టె వేడిగా ఆనించి, పట్టకారుతో మూల పట్టుకుంది. వచ్చింది. అప్పడం మీద పొర లేచినట్టు, కుడి వైపు ౩ మొత్తం ఒకే ముక్కగా లేచి వచ్చింది. కింద బట్ట మీద జిగురు మరక, పోయిన అంకె ఆకారంలోనే.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. అది స్క్రీన్ ప్రింట్ కాదు, డీటీఎఫ్. అంటే ఫిల్మ్ మీద ముద్రించి వేడితో బట్టకి అతికించేది. తక్కువ సంఖ్యలో వేయించుకోవడానికి అది చవక, తప్పేం లేదు, చాలామంది అదే వాడతారు. కానీ నేను డబ్బు కట్టింది స్క్రీన్ ప్రింట్‌కి, మీకు చెప్పి అమ్మిందీ స్క్రీన్ ప్రింట్ అనే. బీరువాలో మిగిలిన పాత సరుకు తీసి చూశాను. 2024లో వేసినవి నిజంగా స్క్రీనే. 2025 వేసవిలో వచ్చిన ఎరుపు ౪౪లు మాత్రం ఇదే ఫిల్మ్.

ఇప్పుడు గుర్తొచ్చిందా? హామిల్టన్ ఫెరారీకి వెళ్తున్నాడని 2024 ఫిబ్రవరి 1న ప్రకటన వస్తే, ఏడాది ఓపిక పట్టి వేయించిన ౪౪లు అవి. నాలుగు ఉతుకులకే అంచులు లేస్తున్నాయని మీలో 11 మంది ఫోటోలు పంపారు. నేనేమన్నాను? ప్రింట్ మీద ఇస్త్రీ చేసుంటారు, మెషీన్‌లో వేడి నీళ్ళు పెట్టుంటారు, తిప్పి ఉతకమని కార్డు మీద రాశాను కదా అన్నాను. విశాఖపట్నం నుంచి ఒకాయన, మనం మొదలుపెట్టిన రోజు నుంచీ కొంటున్నాయన, "సరే తమ్ముడూ" అని ఊరుకున్నారు, ఆ తర్వాత మళ్ళీ ఏమీ కొనలేదు. అన్నా, మీరిది చదువుతుంటే, తప్పు నాది. సరుకు దిగినప్పుడు చేత్తో తడిమి చూసినా తెలిసేది. మా ఆవిడ అప్పుడే అంది స్టిక్కర్‌లా ఉందని. కొత్త ఇంకు అని చెప్పాను.

ఇక ౩౩లు ఏం చెయ్యాలన్నది. ఒక మూడు పీకి పంపితే? మరక ఉంటుంది, మిగిలిన అంకె మధ్యలో ఉండదు, ఎడమకి జరిగిపోయి ఉంటుంది. మా తమ్ముడు ఇంకో ఉపాయం చెప్పాడు: "2015–2021 జ్ఞాపకం" అని కొత్త ట్యాగు కట్టి వంద రూపాయలు ఎక్కువకి అమ్మమని. నిజం చెప్పాలంటే ట్యాగులు డిజైన్ కూడా చేశాను. రెండు రాత్రులు దాని మీదే కూర్చున్నాను, బాగా వచ్చింది కూడా. పొద్దున లేచి చూస్తే సిగ్గేసింది. 160 ముక్కలంటే మనలాంటి కొట్టుకి ఒక సీజన్ లాభం, ఆ మాట దాచను. అయినా ట్యాగు కట్టను. ఎవరికైనా అదే ౩౩ కావాలంటే, ఫిల్మ్ ప్రింట్ అని తెలిసే తీసుకుంటే, నాకు పడిన 340 రూపాయలకే ఇస్తాను, రూపాయి లాభం వద్దు.

బుక్ చేసుకున్న 112 మందికీ ఈ శనివారంలోగా అడ్వాన్స్ వెనక్కి వస్తుంది. కొత్త ౩ కావాలంటే మళ్ళీ బుక్ చేసుకోండి, ఈసారి హైదరాబాద్‌లోనే, నేను పక్కన నిలబడి వేయిస్తాను. ధర 60 రూపాయలు పెరుగుతుంది. తిరుప్పూర్ ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళమని ముగ్గురు సలహా ఇచ్చారు, ఇంకెవరూ ఇవ్వకండి. ౪౪ పాడైన 11 మందికి కొత్తవి ఊరికే పంపుతాను, పాతవి వెనక్కి పంపనక్కర్లేదు. ఆ లాటులో కొని నాకు చెప్పనివాళ్ళు ఇప్పుడు చెప్పండి.

ఏ టీమ్‌కి ఎవరి ఇంజిన్ అని చూపించే మన పోస్టర్ ఎప్పుడని అడుగుతున్నారు, దానికి ఈ గొడవతో సంబంధం లేదు. 2026 సీజన్‌కి దాన్ని మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. మెర్సిడెస్ ఇంజిన్ నాలుగు టీమ్‌లకి: మెర్సిడెస్, మెక్‌లారెన్, విలియమ్స్, కొత్తగా ఆల్పీన్. ఫెరారీది ఫెరారీకి, హాస్‌కి, పదకొండో టీమ్‌గా వస్తున్న క్యాడిలాక్‌కి. రెడ్ బుల్ ఫోర్డ్‌తో కలిసి సొంతంగా చేసుకున్నది దాని రెండు టీమ్‌లకి. హోండా ఆస్టన్ మార్టిన్‌కి. ఆడీది ఆడీకే. హోండా సంగతి చూడండి, 2021తో మానేస్తామని 2020లో చెప్పారు, 2023లో ఆస్టన్ మార్టిన్‌తో మళ్ళీ వస్తామన్నారు. ప్రకటన వచ్చాకే బట్ట కోస్తామన్న నా రూలు కూడా వీళ్ళ దగ్గర పనిచెయ్యదు! రెనో గడి తీసేస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంది. అలోన్సో 2005, 2006 టైటిళ్ళు, వెటెల్ నాలుగు టైటిళ్ళు ఆ ఇంజిన్‌తో వచ్చినవే, ఇప్పుడు రెనో సొంత టీమ్ ఆల్పీనే మెర్సిడెస్ దగ్గర కొనుక్కుంటోంది.

మెర్సిడెస్ గడి పక్కన అనుమానం గుర్తుగా చుక్క పెట్టమంటున్నారు కొందరు. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నింతలు నొక్కుతుందన్న లెక్క, 16 దాటకూడదన్నది రూలు, 2026 మొదట్లో దాన్ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొలిచేవాళ్ళు, వేడెక్కాక వాళ్ళది అంతకంటే పెరిగేలా చేశారని ఆ చలికాలమంతా నడిచిన పుకారు. నిజమే కావచ్చు. కరెంటు వాటా దాదాపు సగానికి పెరిగిన ఈ కొత్త ఇంజిన్లు పక్కపక్కన పరిగెత్తడం, ఇది రాసే నాటికి, ఎవరూ చూడలేదు. చుక్కలు పెట్టను. పోస్టర్ ఫిబ్రవరి మొదటి వారంలో వస్తుంది, ధర పాతదే.

పీకిన ఆ ఒక్క టీషర్ట్ నేనే వేసుకుంటున్నాను. అంకె ఛాతీ మధ్యలో కాకుండా చంక వైపు జరిగి ఉంది, పాల ప్యాకెట్‌కి వెళ్తే పక్కింటాయన ఇదేం ఫ్యాషన్ అని అడిగాడు. సీజన్ మొదటిదైన మెల్‌బోర్న్ రేసు 2026 మార్చి 8, ఆదివారం, మనకి పొద్దున్నే. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఫోన్ ఎత్తను, డబ్బు రానివాళ్ళుంటే ఆ రోజుకి ముందే చేయండి.