కాగితం ఎవరితో మొదలుపెట్టాలి: మన ఐక్య వేదిక వార్షిక నివేదిక, 2024–25

సభ్య సంఘాల అక్కలకు, అన్నలకు, మిత్రులకు జై భీమ్, సలాం, నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక అందరికీ విడిగా అందింది. ఏ రోజు ఎక్కడ మీటింగు జరిగింది, ఎవరు అధ్యక్షత వహించారు వగైరా మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, ఆఫీసుకొచ్చి ఎవరైనా చూడొచ్చు. వాటన్నిటినీ మళ్లీ ఇక్కడ ఎక్కించి మిమ్మల్ని విసిగించను.

ఏడాది పొడుగునా కార్యవర్గంలో ఎక్కువ వాదన జరిగింది ఒకే విషయం మీద. వినతిపత్రంలో ఎవరి సంగతి ముందు రాయాలి? ఇంతకుముందు మనకో అలవాటు ఉండేది. ఇంటిపని కార్మికులది ఒక డిమాండు, పారిశుధ్య కార్మికులది ఒకటి, వికలాంగులది ఒకటి, ట్రాన్స్‌జెండర్ మిత్రులది ఒకటి, పాతబస్తీ మహిళలది ఒకటి. ఎవరూ నొచ్చుకోకుండా అన్నీ వరుసగా పేర్చేవాళ్లం. కాగితం నిండేది. తీసుకున్నవాళ్లు పైన రెండు చదివి, స్టాంపు వేసి పక్కన పెట్టేవాళ్లు. అడుగున ఉన్న డిమాండు ఏళ్ల తరబడి అడుగునే ఉండిపోయింది. ఈ ఏడాది ఆ పద్ధతి మానేశాం. ఏ సమస్య తీసుకున్నా అది రెండు మూడు వైపుల నుంచి ఎవరి మీద పడుతోందో చూసి, ఆ మనిషి పరిస్థితితోనే కాగితం మొదలుపెట్టాలని తీర్మానించుకున్నాం. అలా రాస్తే మిగతావాళ్లకూ పనికొస్తుందని మా లెక్క. ప్రతిసారీ ఆ లెక్క కుదిరిందని మాత్రం చెప్పను.

అధ్యయన తరగతులు

ఈ ఆలోచన ఎక్కడిదని కొత్త సభ్యులు అడుగుతున్నారు కాబట్టి తరగతుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. అమెరికాలో ఐదుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ మీద కేసు వేశారు. ఆ కంపెనీలో ఆడవాళ్లకు ఉద్యోగాలున్నాయి, కాకపోతే వాళ్లు తెల్లవాళ్లు. నల్లవాళ్లకూ ఉద్యోగాలున్నాయి, కాకపోతే వాళ్లు మగవాళ్లు. జాతి వివక్ష అయితే జాతి వివక్ష అనండి, ఆడవాళ్ల మీద వివక్ష అయితే అదే అనండి, రెండూ కలిపితే చెల్లదని 1976లో కోర్టు తేల్చింది. ఆ తీర్పును విమర్శిస్తూనే కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాటను ముందుకు తెచ్చారు. ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి పడటం అని దాని అర్థం.

మన తరగతుల్లో అంతకంటే వేడిగా చర్చ నడిచింది ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన పటాన్ జమాల్ వలి కేసు మీద. పుట్టుకతో చూపులేని ఒక ఎస్సీ యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. గొంతు విని ఆమె నిందితుణ్ని గుర్తుపట్టింది. 2021 ఏప్రిల్ 27న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం అతనికి పడిన యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. వికలాంగురాలి సాక్ష్యాన్ని తక్కువగా చూడకూడదని చెప్పింది. ఇలాంటి కేసుల్లో పోలీసులకు, జడ్జీలకు శిక్షణ ఉండాలని కూడా సూచించింది. కులం, లింగం, వైకల్యం ఒకే మనిషి మీద కలిసి పడితే వాటిని విడదీసి చూడలేమని తీర్పులో చాలా పేజీలు రాశారు. అంతా రాసి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేశారు. నేరం జరిగిన నాటికి చట్టం, ఆమె ఎస్సీ అయినందువల్లే ఈ నేరం చేశాడని రుజువు అడిగేది. ఆ రుజువు రికార్డులో లేదు. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో ఇప్పుడు, బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు.

దీని మీద మన సభ్యురాలు ఒకామె, ఆమెకూ చూపు లేదు, తరగతి చెబుతున్న లాయర్‌ను అడిగిన ప్రశ్న మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాయించాం: “నన్ను సతాయించేటోడు నా కులం చూసి సతాయిస్తుండో, ఆడదాన్నని సతాయిస్తుండో, నాకు కనపడదని సతాయిస్తుండో వాణ్నే అడిగి రాసుకొని రావాల్నా సార్?” ఆ తర్వాత ఇంటర్‌సెక్షనాలిటీ గురించి నిర్వచనాలేమీ చెప్పాల్సిన పని పడలేదు.

జూలై 17న కారంచేడు మృతులను తలుచుకున్నాం. 1985లో అక్కడ గొడవ మొదలైంది తాగే నీళ్ల చెరువు దగ్గర. నీళ్లు పాడుచేయొద్దని అడ్డుచెప్పిన వాళ్లలో ఒక మాదిగ మహిళ ముందుంది. బిందె ఎత్తి ఎదురు నిలబడింది. ఆ తర్వాత దళితుల మీద జరిగిన హత్యాకాండ, దళిత మహాసభ పుట్టుక మనందరికీ తెలిసిన చరిత్రే. ఆ బిందె పట్టుకున్నామె ఎలా బతికిందన్నది మాత్రం మన ఉపన్యాసాల్లో తక్కువ వినిపిస్తుంది.

వర్గీకరణ

మన వేదికకు ఈ ఏడాది అన్నిటికంటే కష్టమైన కాలం 2024 ఆగస్టు 1 తర్వాత వచ్చింది. ఎస్సీల వర్గీకరణ, అంటే ఎస్సీ కులాలను గ్రూపులు చేసి రిజర్వేషన్ పంచడం, చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని ఆ రోజు సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరాకు అది ముప్పై ఏళ్ల పోరాట ఫలం. మన పారిశుధ్య సంఘంలో ఎక్కువమంది మాదిగలు, వాళ్లు డప్పులు కొట్టి మిఠాయిలు పంచారు. ఇంటిపని సంఘంలో మాల అక్కలు చాలామంది ఉన్నారు, వాళ్లు ఆ వారం మీటింగుకు రాలేదు.

వేదిక తరఫున అనుకూలంగా తీర్మానం చేయాలని కొందరు, వ్యతిరేకంగా చేయాలని కొందరు పట్టుబట్టారు. కార్యవర్గం ఏ తీర్మానమూ చేయలేదు. బదులుగా ఒక ఒప్పందం రాసుకున్నాం. ఈ విషయంలో ఏ సంఘం వైఖరి ఆ సంఘం స్వేచ్ఛగా చెప్పుకోవచ్చు, ధర్నాకు పోవచ్చు, కరపత్రం వేయవచ్చు. అవతలి కులాన్ని కించపరిచే మాట వేదిక మీద గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ రాకూడదు. ఉమ్మడి పనులు ఆగకూడదు. ఇది గోడమీద పిల్లివాటం అని విమర్శించిన మిత్రులున్నారు. నా అభిప్రాయం వేరు. ఓట్లు లెక్కపెట్టి తీర్మానం నెగ్గించుకుని ఉంటే కాగితం మిగిలేది, సగంమంది మనుషులు మిగిలేవాళ్లు కారు. ఇప్పుడు కూడా కొందరు తిరిగి రాలేదు, అది దాచిపెట్టడం లేదు.

ఆ వాదనల్లోనే ఇంకో సంగతి బయటపడింది. 2025 మార్చిలో శాసనసభ ఆమోదించిన బిల్లు తెలంగాణలోని 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతం చొప్పున పంచింది. మొదటి గ్రూపులో అత్యంత వెనుకబడిన 15 కులాలు ఉన్నాయి. మెహతర్లు, బేడ బుడగ జంగాలు, డక్కలివాళ్లు అందులోనే వస్తారు. హైదరాబాద్‌లో తరతరాలుగా పాకీ పని చేయించుకున్నది మెహతర్ల చేతనే. మాల, మాదిగ పేర్లతో మనం నెలల తరబడి వాదించుకుంటుంటే, ఆ పదిహేను కులాల నుంచి కార్యవర్గంలో ఒక్కరూ లేరన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఒక మెహతర్ కుర్రాడు లేచి చెప్పాకే తట్టింది. రాబోయే కార్యవర్గంలో వాళ్లకు రెండు స్థానాలు ఉంచాలని ప్రతిపాదిస్తున్నాం, అందులో ఒకటి మహిళకు.

దండోరా వెనకే ఆదివాసీల తుడుందెబ్బ, లంబాడాల నంగారా భేరి, గొల్ల కురుమల డోలుదెబ్బ, గౌడల మోకుదెబ్బ వచ్చాయి. ఎవరి వాద్యం, ఎవరి పనిముట్టు వాళ్లు పట్టుకుని వచ్చినవాళ్లే తెలంగాణ ఉద్యమంలో ఒక గొడుగు కిందికి చేరారు, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె నడిపారు. వేరుగా సంఘం పెట్టుకుంటే ఐక్యత చెడిపోతుందని మనలో భయపడేవాళ్లు ఆ చరిత్రను ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ వేదికల మీద ఆడవాళ్లకు ఎన్ని కుర్చీలు దక్కాయో కూడా గుర్తుచేసుకుంటే మంచిది.

ఒకే రోజు రెండు ఉత్తర్వులు

2025 జనవరి 29న సుప్రీంకోర్టులో రెండు వేర్వేరు ధర్మాసనాలు రెండు ఉత్తర్వులిచ్చాయి. ఒకటి, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం ఆపాలని. రెండోది, ఇంటిపని కార్మికులకు చట్టం తేవడం గురించి పరిశీలించడానికి కేంద్రం నిపుణుల కమిటీ వేయాలని. పేపర్లలో ఇవి రెండు వార్తలు. మన బస్తీల్లో మాత్రం ఒకే ఇంటి సంగతి. మొగుడు మ్యాన్‌హోల్‌లోకి దిగుతాడు, పెళ్లాం నాలుగిళ్లలో అంట్లు తోముతుంది.

అందుకే రెండు సంఘాలూ కలిసి ఒకే కాగితం రాశాయి, మురుగు పనిలో చనిపోయినవాడి భార్యతో మొదలుపెట్టి. పరిహారం 30 లక్షలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. శాశ్వత వైకల్యం కలిగితే 20 లక్షలు. ఆ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆమె. తిరిగిన ప్రతి రోజూ పని చేసే ఇళ్లలో నాగా పడుతుంది, నాగాకు జీతం కోస్తారు, రెండుసార్లు పోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. తను కార్మికురాలినని చూపించుకోడానికి ఆమె దగ్గర ఏ కార్డూ లేదు. పరిహారం దరఖాస్తును బస్తీకే వచ్చి తీసుకోవాలని, ఇంటిపని కార్మికులను వార్డు స్థాయిలో నమోదు చేసి గుర్తింపు కార్డులివ్వాలని అడిగాం. ప్రజాభవన్‌లో ప్రజావాణికి వెళ్లి ఇచ్చాం, రసీదు ఉంది. పారిశుధ్య సంఘం మగవాళ్లు ఇంటిపని కార్డు గురించి అధికారులతో మాట్లాడటం నేను చూడ్డం అదే మొదటిసారి.

పని చేసే ఇళ్లలో లైంగిక వేధింపుల మీద కూడా కొంత కదలిక తెచ్చాం. 2013 చట్టం ప్రకారం పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల, ఇళ్లలో వేధింపులకు ఫిర్యాదు చేయాల్సింది జిల్లా స్థానిక కమిటీకి. ఆధారం కనిపిస్తే ఇంటిపని కార్మికురాలి ఫిర్యాదును కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. ఈ కమిటీలను 2025 జనవరి 31లోగా అన్ని జిల్లాల్లో వేయాలని 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు గడువు పెట్టింది. తెలుగు, ఉర్దూ కరపత్రాలు వేసి బస్తీల్లో చదివి వినిపించాం.

ట్రాన్స్‌జెండర్ మిత్రులతో

నిజాం కాలం నాటి 1329 ఫసలీ (1919) హిజ్రాల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న కొట్టేసిందన్న విషయం మన సభ్యుల్లోనే చాలామందికి తెలియదు. ఆ చట్టం కింద హిజ్రాల పేర్లకు పోలీసులు రిజిస్టరు పెట్టొచ్చు, ఆడ బట్టలు కట్టుకుంటే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. వాళ్లను ఆసరా పింఛను పరిధిలోకి తేవాలని కూడా హైకోర్టు చెప్పింది. ఆ తీర్పిచ్చిన ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఉజ్జల్ భుయాన్, ఇంటిపని కార్మికుల ఉత్తర్వు ఇచ్చిన సుప్రీంకోర్టు బెంచిలో కూడా ఉన్నారని మన లాయర్ మిత్రులు సరదాగా గుర్తుచేశారు.

మొదట్లో కొందరు అక్కలు ట్రాన్స్ మహిళల పక్కన కూర్చోడానికి జంకారు. ఉపన్యాసాలతో అది పోలేదు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ బస్సులో ఉచితమే, అయితే ఆధార్‌లో పాత వివరం ఉన్నవాళ్లకు చిక్కు. 2019 చట్టం కింద కలెక్టరు నుంచి గుర్తింపు పత్రం తెచ్చుకుని ఆధార్ మార్చుకోవాలి. ఆ దరఖాస్తులు నింపే శిబిరంలో, తమ ఆధార్‌లో పేర్లు సరిచేయించుకోడానికి అక్కలూ వచ్చారు. ఒకే బెంచి మీద గంటల తరబడి సర్వర్ కోసం ఎదురుచూశారు. అద్దె ఇల్లు దొరకక తిప్పలు పడుతున్న ఒక సభ్యురాలికి, ముందు మొహం తిప్పుకున్న ఒక అక్కే తన గల్లీలో గది ఇప్పించింది. ఇంటి ఓనరుతో ఏం మాట్లాడిందో ఇప్పటికీ చెప్పదు.

ఏ టైముకు, ఎక్కడ

పారిశుధ్య పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఇంటిపని పొద్దున, సాయంత్రం రెండు పూటలూ ఉంటుంది. అందుకే మన మీటింగులన్నీ ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు లోపు, కింది అంతస్తులోనే. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి రవాణా ఖర్చు ఇప్పుడు వికలాంగ మిత్రులకు, వాళ్ల తోడు వచ్చేవాళ్లకే ఇస్తున్నాం. సైగల భాష అనువాదకులకు ఇచ్చే గౌరవ వేతనం ఎక్కువని ఆడిట్‌లో ఒకరు రాశారు. దాన్ని తగ్గించే ఉద్దేశం కార్యవర్గానికి లేదు.

ఈసారి మార్చి 8 రంజాన్ నెలలో పడింది. సభను ఎప్పటిలా రాత్రి దాకా నడిపితే పాతబస్తీ సభ్యులు రాలేరు. మధ్యాహ్నమే మొదలుపెట్టి ఇఫ్తార్‌తో ముగించాం. అజాన్ వినపడగానే డప్పులాపి అందరూ ఖర్జూరాలు అందుకున్నారు. ఎండలో ఉపవాసంతో ఉన్నవాళ్ల ముందు మధ్యలో టీలు తాగొద్దని చేసిన నియమాన్ని ఒకరిద్దరు పెద్దమనుషులు తప్పారు, వాళ్ల పేర్లు రాయను.

ముందుకు సాగనివి

కుల సర్వేలో మనవాళ్లు ఇంట్లో లేని వేళ ఎన్యూమరేటర్లు వచ్చి వెళ్లారు. మిగిలిపోయిన కుటుంబాల కోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశం ఇచ్చినప్పుడు కొందరిని రాయించగలిగాం, అందరినీ కాదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల తేదీలు ముందుగా తెలియజేయాలన్న కోరికకు జవాబు రాలేదు. మానసిక అనారోగ్యం ఉన్న మహిళల గురించి ఒక ఉప సంఘం వేశాం, అది కూర్చోలేదు. కౌలు రైతు మహిళలతో, ఆదివాసీ సంఘాలతో పరిచయాలయ్యాయి గానీ పొత్తు అనదగ్గది ఇంకా లేదు. నగరంలో కూర్చుని వాళ్లను పిలవడం కంటే వాళ్ల పనికాలం చూసుకుని మనమే వెళ్లడం మేలని నా సూచన.

సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరణ ఒకటి ఓటుకు వస్తుంది. కార్యదర్శి పదవి వరుసగా రెండుసార్లు ఒకే సంఘానికి పోకూడదన్నది ఆ సవరణ. కార్యవర్గానికి పేర్లు ఇవ్వదలచినవాళ్లు ఆఫీసులో ఇవ్వాలి, రాయలేనివాళ్లు ఫోన్‌లో చెప్పినా నమోదు చేస్తారు. ఈ నివేదికను బస్తీ మీటింగుల్లో చదివి వినిపిస్తాం, ఉర్దూలో ఆడియో కూడా పంపుతాం.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున