ఆరోగ్య మంత్రి గారికి: మా వాడు గంజాయి మానేస్తానన్న రోజున డాక్టరు లేరు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

ఇది నేను రాస్తున్న నాలుగో కాగితం. ముందు మూడూ సోమవారం గ్రీవెన్సులో వరసలో నిలబడి ఇచ్చుకున్నాను. మూడింటికీ నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైందని. మూడో మెసేజ్ వచ్చిన పూట మా అబ్బాయి వంటింటి గోడకేసి తల కొట్టుకుంటున్నాడు, నేనూ మా ఆవిడా చెరో చెయ్యి పట్టుకుని ఆపుతున్నాం. ఏం పరిష్కారమైందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నర్సీపట్నం నుంచి చింతపల్లి, ఆ పైన ఏజెన్సీ ఊళ్లు, ఏళ్ల తరబడి ఆ ఘాట్ రోడ్ల మీదే తిరిగాను. శీలావతి రకం గంజాయి ఉన్న బ్యాగు బస్సెక్కితే ఘాటును బట్టే తెలిసిపోయేది. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఎక్కి సీట్ల కింద వెతుకుతుంటే కాలేజీ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న కుర్రాడి మొహం పాలిపోయేది. అలా దింపుకుపోయిన పిల్లల్ని చూసి, వీళ్ల తల్లిదండ్రులు ఏం చేస్తున్నట్టు అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే తలెత్తుకోలేకపోతున్నాను. మా మేడ మీది గదిలో అదే జరుగుతుంటే రెండేళ్లు నాకు తెలియలేదు. వాడు అగరొత్తులు వెలిగించేవాడు. ఇంజినీరింగ్ చదివే పిల్లాడికి భక్తి కుదిరిందని వాళ్లమ్మ సంబరపడింది. కళ్లు ఎర్రబడ్డాయేంట్రా అంటే రాత్రంతా కంప్యూటర్ చూశానన్నాడు. కంటి చుక్కల మందు నేనే కొని తెచ్చి నా చేత్తోనే వేశాను.

పంట గురించి రాయడానికి కాదు ఈ ఉత్తరం. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో మత్తుమందుల్ని అరికట్టే పోలీసు దళం ఈగల్ వచ్చింది, సమాచారం ఇవ్వడానికి 1972 ఫోన్ నంబరు వచ్చింది. మంచిదే, కాదనను. అమ్మేవాణ్ని పట్టుకోవడానికి ఇంత చేశారు. మానేస్తానని వచ్చినవాడి చెయ్యి పట్టుకునేది ఎవరు? అది మీ శాఖ పని. అందుకే హోం మంత్రి గారికి కాకుండా మీకు రాస్తున్నాను.

ఒక గురువారం అర్ధరాత్రి మా వాడు నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు. “నాన్నా, నావల్ల కావట్లేదు. ఎక్కడికైనా తీసుకెళ్లు, మానేస్తాను” అన్నాడు. వాడు ఆ మాట అనాలని ఎన్ని మొక్కులు మొక్కామో మాకే తెలుసు. తెల్లారగానే బయల్దేరాం. ఆ ఆసుపత్రి పేరు రాయను, అక్కడివాళ్ల మీద నాకు కక్షేమీ లేదు. డీఅడిక్షన్ సెంటర్ అని బోర్డుంది. తలుపుకి తాళముంది. డాక్టరు గారు గురువారం మాత్రమే వస్తారట. మేం వెళ్లింది శుక్రవారం. ఓపీ చీటీ మీద “గురువారం రావలెను” అని రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది.

అయ్యా, గంజాయి మానినవాడికి మొదటి వారమే గండం. నిద్ర పట్టదు, అన్నం సయించదు, చిన్న మాటకే చిరాకు, చెమటలు. ఆ వారమంతా మేమే కాపలా కాశాం. శనివారం రాత్రి వాళ్లమ్మ పెరుగన్నం కలిపి పెడితే కంచం విసిరేసి, మళ్లీ ఆ మెతుకులు వాడే ఏరుతూ “సారీ అమ్మా” అన్నాడు. సోమవారం రాత్రి ముగ్గురం తెల్లవార్లూ మేడ మీద నడుస్తూనే ఉన్నాం. ఇంకొక్క రోజు ఓర్చుకుంటే గురువారం. బుధవారం సాయంత్రం వీధి చివర దాకా వెళ్లొస్తానన్నాడు. పదకొండింటికి వచ్చాడు. చొక్కా వాసన చూడక్కర్లేకపోయింది. గురువారం పొద్దున ఎంత లేపినా లేవలేదు.

తర్వాత రెండుసార్లు బతిమాలి తీసుకెళ్లాను. ఒకసారి డాక్టరు గారికి వేరేచోట డ్యూటీ పడిందట. ఇంకోసారి ఉన్నారు, మంచివారు, మర్యాదగా మాట్లాడారు. కానీ బయట ఎంతమంది ఉన్నారో నేనే చూశాను. మా వాడికి దక్కింది ఐదు నిమిషాలు. దీనికి మందు బిళ్లలు కాదు, కూర్చోబెట్టి వారాల తరబడి మాట్లాడే కౌన్సెలర్ కావాలి అన్నారు. ఆ పోస్టు ఖాళీ అని కూడా ఆయనే చెప్పారు. ప్రైవేటులో అడిగితే నెలకి ముప్పై వేలన్నారు. అది నా పెన్షన్‌తో అయ్యే పని కాదు.

ఇంకొకటి. మొదటి రోజు ఓపీ కౌంటరు దగ్గర ఎవరో పెద్దాయన చెవిలో చెప్పాడు, గంజాయి అని రాయించొద్దు, కేసవుతుంది, నిద్ర పట్టట్లేదని రాయించండి అని. అలాగే రాయించాను. డాక్టరుకి నిజం చెప్పడానికి భయపడ్డాను. తర్వాత ఒక వకీలు చెబితే తెలిసింది, మత్తుమందుల మీది ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉందట. వాడకం కేసులో గానీ, చిన్న మోతాదు దొరికిన కేసులో గానీ ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి వైద్యం పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదట. మరి ఇంత మంచి మాట మేం తిరిగిన ఏ గోడ మీదా ఎందుకు లేదు? “గంజాయి తాగితే జైలే” అని మాత్రం ఆటోల వెనక కూడా చదివాను.

గంజాయి వల్ల ఇబ్బందుల్లో పడి సాయం కావాల్సినవాళ్లు దేశంలో దాదాపు 72 లక్షలని ఎయిమ్స్ వాళ్ల సర్వే 2019లోనే చెప్పింది. మా వాడొక్కడి కోసమే అడుగుతున్నానని అనుకోకండి. ఆ వరండాలో మాలాంటి వాళ్లు తలలు దించుకుని కూర్చుని ఉంటారు, ఒకరినొకరు పలకరించుకోరు.

వారానికి ఒక్కరోజు కాదయ్యా, రోజూ తలుపు తెరిచి ఉంచండి. మా వాడు శుక్రవారం మానేస్తానన్నాడు, ఇంకొకడు ఆదివారం అంటాడు. కౌన్సెలర్ని వెయ్యండి. మొదటి పది రోజులు ఉంచుకోవడానికి నాలుగు మంచాలు వేరుగా పెట్టండి, మిగతా రోగులతో కలపకుండా. వచ్చినవాళ్ల మీద కేసు పెట్టరని బోర్డు రాయించండి. తలుపు మాత్రం రోజూ తెరిపించండి, చేతులెత్తి అడుగుతున్నాను.

నిన్న రాత్రి మా వాడు మళ్లీ అడిగాడు, “గురువారం వెళ్దామా నాన్నా” అని. వెళ్దామన్నాను. ఈ గురువారం ఎనిమిదింటికల్లా ఓపీ దగ్గర ఉంటాం. డాక్టరు గారు ఉండేట్టు చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్