ఆ ముఖాల మీద నలుపు ఎవరూ పూసింది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మధ్యయుగ పర్షియా రాతప్రతుల మీద వ్యాసం వేసినందుకు సంతోషం. అయితే మంగోల్ పాలకుల మంత్రి రషీదుద్దీన్ కూర్చిన ప్రపంచ చరిత్ర 'జామి అల్ తవారీఖ్' లోని బొమ్మ కింద, ముఖాల మీది నల్లమరకలు బొమ్మలు గిట్టనివారు పూసిన మసి అని రాశారు. అది మసి కాదు, వెండి.

ఇరాన్‌లోని తబ్రీజ్‌లో రషీదుద్దీన్ నెలకొల్పిన రబ్-ఎ-రషీదీ అనే విద్యాకేంద్రంలో 1314 ప్రాంతంలో తయారైన ప్రతి అది. చిత్రకారులు నల్లసిరాతో గీతలు గీసి, రంగు పలచగా పూసి, ముఖాల మీదా బట్టల మడతల మీదా వెలుగు పడే చోట వెండితో దిద్దారు. గాలిలోని గంధకం తగిలి ఇంట్లో పట్టీలు నల్లబడ్డట్టే అదీ నల్లబడింది. అంటే ఒకప్పుడు అన్నిటికన్నా మెరిసిన చోటే ఇప్పుడు అన్నిటికన్నా నల్లగా ఉంది! తోమి తెల్లగా చేద్దామంటే కింది రంగు కూడా లేచిపోతుంది.

ముఖాలు చెరిపేసిన రాతప్రతులూ లేకపోలేదు. తేడా తెలియాలంటే పక్కవాటుగా వెలుతురు వేసి భూతద్దంతో చూడాలి. గీకిన చోట రంగు పోయి కాగితం పీచు లేచి ఉంటుంది. వెండి నలుపు కుంచె నడిచిన దారినే ఉంటుంది, కాగితం చెక్కుచెదరదు.

మీరు ఆ బొమ్మను మొగల్ చిత్రమని రాయడం కూడా సరికాదు. అక్బర్ ఆస్థానంలో ఈ చరిత్రకే బొమ్మలు వేయించిన ప్రతి వేరే ఉంది. అది 1596 నాటిది, టెహ్రాన్ గులిస్తాన్ ప్యాలెస్‌లో ఉంది. తబ్రీజ్ ప్రతిలో ఒక ముక్క ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో, ఇంకొకటి ఖలీలీ అనే ప్రైవేటు కళాసేకరణలో ఉన్నాయి. ఏ ముక్కలో ఎన్నో ఆకో బొమ్మ కింద వేస్తే ఇలాంటి పొరపాట్లు రావు.

ఇంకో మాట. ఈ బొమ్మలు చాలావరకు రాత వెడల్పంతా పరుచుకున్న అడ్డపట్టీలు. ఒక కాలమ్‌లో ఇరికించడానికి అంచులు కోస్తే సైన్యంలో సగం గుర్రాలు మాయమవుతాయి. పేజీ అందం కోసం కుడిఎడమలు తిప్పితే కత్తులన్నీ ఎడమచేతుల్లోకి పోతాయి, పక్కనున్న అరబిక్ రాత అద్దంలో చూసినట్టు తిరగబడి చదవరాకుండా పోతుంది. రంగులు ముదరబెట్టడం కూడా వద్దు, ఆ పలచదనమే చైనా చిత్రకళ ప్రభావాన్ని పట్టిస్తుంది.

ఖలీలీ ముక్కలో భారతదేశ చరిత్ర, బుద్ధుడి జీవితం ఉన్నాయి. ఆ భాగానికి కమలశ్రీ అనే కాశ్మీరీ బౌద్ధ భిక్షువు సాయపడ్డాడు. మన పాఠకులకు అన్నిటికన్నా దగ్గరైన భాగం అదే. ఈసారి అందులోంచి ఒక పేజీని, రాతతో సహా, అంచులు కోయకుండా ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్