టమాట శాండ్‌విచ్‌లో టమాట వాటా ఎంత?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ పత్రిక ఆదివారం వంటల పేజీలో టమాట శాండ్‌విచ్ తయారీ విధానాన్ని ప్రచురించి, దాని పక్కనే ఉన్న చిన్న పెట్టెలో ‘తేలికపాటి పోషకాహారం’ అనే శీర్షిక కింద సి విటమిన్ గురించి, లైకోపీన్ గురించి, పొటాషియం గురించి నాలుగు వాక్యాలు రాశారు. ఆ వాక్యాల్లో పెద్ద తప్పేమీ లేదు. కాకపోతే అవన్నీ టమాటకు చెందినవే తప్ప శాండ్‌విచ్‌కు చెందినవి కావు. చాలా ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ, మా వంటింటి తూకం మీద ఆ వంటకాన్ని దేనికది తూచి చూశాను. ఆ లెక్క మీ పాఠకులకు పనికొస్తుందనే ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధి చివరి బేకరీలో కొన్న మైదా బ్రెడ్డు ముక్క ఒక్కొక్కటి 30 గ్రాములు తూగింది. సాధారణంగా 100 గ్రాముల తెల్ల బ్రెడ్డులో సుమారు 265 కిలోకేలరీల శక్తి ఉంటుంది కాబట్టి, రెండు ముక్కలకు 160 వస్తాయి. వాటితోపాటు 30 గ్రాముల పిండిపదార్థం, 5 గ్రాముల ప్రోటీన్, ఒకటిన్నర గ్రాముల పీచు అందుతాయి. లక్ష్మీపురం మార్కెట్ నుంచి తెచ్చిన మధ్యరకం టమాట ఒకటి సరిగ్గా 100 గ్రాములుంది. అందులో 94 గ్రాములకు పైగా నీళ్లే. మిగిలిన కొద్దిపాటి పదార్థం నుంచి వచ్చే శక్తి 18 కిలోకేలరీలు, ప్రోటీన్ గ్రాములోపు, పీచు గ్రాము కంటే కాస్త ఎక్కువ. ఇక చిన్న చెంచాడు వెన్న, అంటే 5 గ్రాములు, మరో 36 కిలోకేలరీలు కలుపుతుంది. మొత్తం దాదాపు 215. పేరు టమాటదే అయినా శక్తిలో దాని వాటా పన్నెండో వంతు మాత్రమే, బ్రెడ్డుది సుమారు ముప్పావు వంతు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, రోజు మొత్తం మీద ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకుండా చూసుకోవాలని చెబుతున్నాయి. ఒక్క పూటను చూసి రోజంతటినీ తూచకూడదని నాకూ తెలుసు. అయితే ఉదయం ఈ శాండ్‌విచ్, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం తినే ఇళ్లలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

టమాటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క పండు సుమారు 14 మిల్లీగ్రాముల సి విటమిన్ ఇస్తుంది. పెద్దవయసు పురుషునికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ 2020 నాటి సిఫార్సులు చెబుతున్నాయి కనుక, అది ఐదో వంతుకు అటూఇటూ అవుతుంది. ఈ విటమిన్ వేడికి తగ్గిపోతుంది కాబట్టి పచ్చి ముక్కలు పెట్టుకోవడమే లాభం. ఎర్రటి రంగునిచ్చే లైకోపీన్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది కొవ్వులో కరిగే పదార్థం కావడం వల్ల, నూనెలో ఉడికిన టమాట తొక్కు నుంచి ఒంటికి పట్టినంతగా పచ్చి ముక్క నుంచి పట్టదు. ఈ రెండు ప్రయోజనాలనూ ఒకే వాక్యంలో కలిపి, రెండూ ఒకే ముక్క నుంచి పూర్తిగా అందుతాయన్నట్టు రాయడం వల్ల కూడా మీ పెట్టెపై నాకు అభ్యంతరం కలిగింది. లైకోపీన్ కోసమైతే కాస్త వెన్నో, నూనె ఉన్న మరొకటో తోడుండాలి.

ఆ తోడుగా ఏది పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు హనుమకొండ, కాజీపేట వీధుల్లో శాండ్‌విచ్ అంటే మయోనైజ్ పూయాల్సిందే అన్నట్టుంది. పెద్ద చెంచాడు మయోనైజ్‌లో 90 కిలోకేలరీలకు పైగా ఉంటాయి, అంటే ఆ టమాటకు ఐదింతలు. దాదాపు అంతా నూనె నుంచి వచ్చినదే. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ను మన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది గానీ, అది క్రిములకు సంబంధించిన జాగ్రత్త. గుడ్డు లేని మయోనైజ్ అనగానే కొవ్వు కూడా లేదని భ్రమపడేవారిని నేను చూశాను. టమాట సాస్ పరిస్థితి మరోలా ఉంటుంది: అందులో కొవ్వు లేదు, కానీ పెద్ద చెంచాడులో దాదాపు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. టమాట పక్కన టమాట సాస్ ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఇంట్లో దీనికి బదులుగా గట్టిగా నూరిన పల్లి చట్నీ రాస్తున్నాము. 20 గ్రాముల పల్లీల్లో 5 గ్రాముల ప్రోటీన్, సుమారు 113 కిలోకేలరీలు ఉంటాయి. వెన్న తీసేసి ఇది రాస్తే శాండ్‌విచ్ మొత్తం శక్తి 290కి చేరుతుంది, అంటే ‘తేలికపాటి’ అన్న మాట చెల్లదు. అయితే ప్రోటీన్ 6 గ్రాముల నుంచి 11 గ్రాములకు పెరుగుతుంది. పది పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 32, 33 గ్రాముల ప్రోటీన్ కావాలి కనుక అందులో మూడో వంతు బడి గంట కొట్టకముందే అందినట్టే. పల్లీల్లోని నూనె లైకోపీన్‌కూ ఉపకరిస్తుంది.

ఉప్పు గురించి మీ పెట్టెలో ఒక్క మాట కూడా లేదు. రెండు బ్రెడ్డు ముక్కల్లోనే 300 మిల్లీగ్రాముల వరకు సోడియం ఉంటుంది, మన నాలుకకు తెలియదంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు విధించిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. పైగా టమాట ముక్కల మీద చల్లిన ఉప్పు ద్రవాభిసరణ వల్ల వాటి నీటిని బయటికి లాగుతుంది. ఉదయం ఏడింటికి కట్టిచ్చిన టిఫిన్ డబ్బాను మా మనవరాలు మధ్యాహ్నం తెరిచేసరికి బ్రెడ్డు ముద్దైపోయి, డబ్బా అలాగే ఇంటికి తిరిగి వచ్చిన రోజులు ఎన్నో. తినని శాండ్‌విచ్‌లో పోషకాలు సున్నా అని వేరే చెప్పనక్కరలేదు. గింజల గుజ్జు తీసేసి, ఉప్పు చల్లకుండా, బ్రెడ్డుకు రెండు వైపులా చట్నీని పొరలా రాసిన తర్వాత ఆ ఇబ్బంది తప్పింది.

బ్రౌన్ బ్రెడ్డు వాడమని మీరిచ్చిన సలహా మంచిదే, కానీ రంగు చూసి కొనకూడదని కూడా రాయవలసింది. కారమెల్ రంగు కలిపిన మైదా బ్రెడ్డు కూడా గోధుమరంగులోనే ఉంటుంది. ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన కాబట్టి, మొదటి పేరు మైదా అయితే అది మైదా బ్రెడ్డే. నూరు గ్రాముల జొన్నల్లో 10 గ్రాముల పీచు ఉంటుంది, జొన్న రొట్టె మీద టమాట తొక్కు వేసుకుంటే ఈ చర్చే అక్కరలేదని మా ఇంటి పెద్దలు అంటారు. నిజమే, కానీ ఉదయం ఏడింటికి బస్సు అందుకోవలసిన తల్లికి రొట్టెలు కొట్టే తీరిక ఉండదు. అందుకే శాండ్‌విచ్ గురించే ఇంత రాయవలసి వచ్చింది.

ఇకపై వంటకాల పక్కన ఇలాంటి పెట్టెలు వేసేటప్పుడు, పేరులో ఉన్న ఒక్క కూరగాయ గుణాలతో సరిపెట్టకుండా, ప్లేటులోకి వచ్చే ప్రతి పదార్థం తూకాన్ని, దాని నుంచి వచ్చే శక్తి, ప్రోటీన్, సోడియం వివరాలను విడివిడిగా ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ