బెలూన్ తీసేసినాక సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఆపరేషన్ లేకుండా బరువు తగ్గించే కడుపు బెలూన్ గురించి వేసినారు కదా సార్, చదివినా. ఎట్ల వేస్తారు, ఎంత తగ్గుతారు అంతా బాగానే ఉంది కానీ తీసేసినాక సంగతి ఒక్క లైన్ కూడా లేదు. నేను వేయించుకుని తీయించుకున్న దాన్ని కాబట్టి ఆ మిగిలిన సగం నేనే రాస్తున్నా, పొడుగైతే కత్తిరించుకోండి.

నాకు 44 ఏళ్లు, స్కూల్లో టీచర్‌ని. వేయించుకునే రోజు 104 కిలోలు ఉన్నా, షుగర్ బార్డర్ అన్నారు, స్కూల్లో పై అంతస్తు క్లాసు ఇస్తే ఏడుపొచ్చేది. మా ఆయన వద్దంటున్నా బెంగళూరు పోయి వేయించుకున్నా. గొంతులో నుంచి ఖాళీ సిలికాన్ సంచి దింపి దాంట్లో సెలైన్ నింపుతారు, నాకు 550 ఎం.ఎల్. పెట్టినారు. ఆ సెలైన్‌లో నీలం రంగు కలుపుతారు, బెలూన్ కారితే ఒంటేలు నీలంగానో పచ్చగానో వస్తుంది, అట్లయితే వెంటనే రావాలన్నారు, ఇంక ఆర్నెల్లు బాత్రూంలో అదే చూసుకునేది. మొదటి మూడు రోజులు వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, డబ్బులిచ్చి తెచ్చుకున్న రోగం అని మా అత్త అననే అన్నది. తర్వాత మాత్రం ఆకలే లేదు, అరముద్ద సంగటికే గొంతు దాకా వచ్చేది. మొదటి 3 నెలల్లోనే 12 కిలోలు పోయినాయి, తర్వాత 3 నెలల్లో 4 కిలోలే. మొత్తం 16 కిలోలు.

ఉగాదికి వారం ముందు తీసినారు. బెలూన్ ఉన్నన్నాళ్లూ తిన్నది కడుపులో శానాసేపు నిలబడుతుంది కాబట్టి రెండు రోజుల ముందు నుంచి మజ్జిగ, గంజి మాత్రమే. మత్తిచ్చి సూదితో పొడిచి నీళ్లు పీల్చేసి నోట్లో నుంచి లాగేస్తారు, అంతే, మనకేం తెలీదు. ఆడ నా పక్కన కూర్చున్న ఒకామె తగ్గేది ఆగిపోయింది కానీ ఇంకో రెండు నెలలు ఉంచుకుంటా అని డాక్టర్‌తో వాదించింది. ఆ పని మాత్రం ఎవరూ చేయద్దు సార్. కడుపులో యాసిడ్‌కి ఆ సంచి బలహీనపడుతుంది, ఖాళీ అయి పేగులోకి జారి అడ్డం పడితే ఆపరేషనే గతి. ఆర్నెల్ల రకం ఆర్నెల్లకే తీయాలి. మాత్ర మాదిరి మింగేది కూడా ఉంది, అది నాలుగు నెలలకి దానంతట అదే ఖాళీ అయి మలంలో పోతుంది. వాళ్లకైతే ఈరోజు నుంచి జాగ్రత్త అని చెప్పేకి తీసే రోజు కూడా ఉండదు.

ఉగాది రోజు ఓళిగలు చేసినా. ఒకటి తిన్నా, రెండు తిన్నా, నెయ్యేసుకుని ఐదు తిన్నా, ఏమీ కాలేదు! వాంతి లేదు, కడుపులో బరువు లేదు, ఇంకోటి తినొచ్చు అనిపించింది. అప్పుడు భయమేసింది చూడండి, బెలూన్ వేసే రోజు కూడా అంత భయపడలే. వంటింట్లోనే కూర్చుని ఏడ్చినా. నాలుగు నెలల్లో 6 కిలోలు తిరిగొచ్చినాయి. నా నోరే చెడ్డది అనుకున్నా గానీ ఇక్కడ తెలిసిన డాక్టర్ ఒకాయన చెప్పినాడు, బరువు తగ్గిన ఒంటికి ఖర్చయ్యే క్యాలరీలు తగ్గుతాయి, ఆకలి మాత్రం పెరుగుతుంది, ఒళ్లు పాత బరువుకి పోవాలనే చూస్తుంది అని. ఇది బెంగళూరులో ఎవరూ చెప్పలే. తీసినాక చేతికిచ్చిన కాగితంలో బ్యాలెన్స్‌డ్ డైట్, రెగ్యులర్ ఎక్సర్‌సైజ్ అని నాలుగు మాటలు, దానికి పిన్ను కొట్టి ఒక చార్టు, దాంట్లో క్వినోవా, అవకాడో. పాతూరు మార్కెట్లో అవకాడో యాడ తెచ్చేది సార్.

ఇప్పుడు 91లో ఉన్నా, ఏడు నెలలుగా అటూ ఇటూ ఒక కిలో. నేను చేసేది పెద్దదేం కాదు. శుక్రవారం పొద్దున్నే తూకం చూసి నోటుబుక్కులో రాస్తా, 92 దాటితే ఆ వారం రాత్రి సంగటి బంద్. గుడ్లు, ఉలవ గుగ్గిళ్లు, పప్పు ముందు తిని తర్వాతే అన్నం ముట్టుకుంటా. మాకు అన్నిట్లో చెనిక్కాయలే కదా, పొడి, చట్నీ, సాయంత్రం బొరుగుల్లో కూడా, 100 గ్రాముల్లో 560 క్యాలరీల పైన ఉంటాయని తెలిసినాక గుప్పెడికి మించి ముట్టలేదు. మానేది మాత్రం జరగదు, అనంతపురంలో పుట్టి చెనిక్కాయ మానమంటే ఎట్ల. పొద్దున ఐదున్నరకే పక్కింటి వదినతో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి పోతా, ఎండాకాలం ఏడు దాటితే మా ఊర్లో నడవలేము. కండ పోకూడదని రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు పట్టుకుని చేతులు ఎత్తి దించుతా, మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

నేను అడిగేది ఇదే. బెలూన్ వేసే ఆస్పత్రులు ప్యాకేజీలో తీసినాక ఒక సంవత్సరం డైటీషియన్ ఫాలోఅప్ కూడా కలపాలి, ఫోన్‌లో అయినా సరే. ఇప్పుడు బరువు తగ్గేకి ఇంజెక్షన్లు కూడా వచ్చినాయి, అవి ఆపేసిన వాళ్లదీ ఇదే కథ. మన పెద్దాస్పత్రిలో కూడా వారానికి ఒక పూట ఇట్లాంటి వాళ్లకోసం డైటీషియన్‌ని కూర్చోబెడితే, సంగటి, జొన్నరొట్టె, ఉగ్గాని ఎంత తినొచ్చో మన భాషలో చెప్తే, ఊరూరు నుంచి వస్తారు, నేనైతే మొదటి రోజే టోకెన్ తీసుకుంటా. మీరు కూడా ఈసారి హెల్త్ పేజీలో తీసేసినాక రెండో సంవత్సరంలో ఉన్న వాళ్లని అడిగి రాయండి. నన్ను అడిగినా చెప్తా, పేరు మాత్రం వేయద్దు, స్కూల్లో పిల్లలు ఇప్పటికే బెలూన్ టీచర్ అంటున్నారు.

ఇట్లు,
ఒక టీచర్, అనంతపురం