మంగళవారం ల్యాబ్‌లో వినిపించిన చప్పుడు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం ఆరో పీరియడ్‌లో ల్యాబ్‌లో పెద్ద చప్పుడైన మాట నిజం. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా బడి వదిలేసరికే వాట్సాప్ గ్రూపులో యాసిడ్ సీసా పేలిందని, ముగ్గురు పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారని మెసేజీలు తిరిగాయి. రాసినవాళ్ళలో ఒక్కరైనా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి ఉంటే సంతోషించేదాన్ని. మా నంబరు పిల్లల డైరీ మొదటి పేజీలోనే ఉంది.

జరిగింది చెబుతాను. మా ఫిజికల్ సైన్స్ మాస్టారు 9వ తరగతి పిల్లలకి సోడియం చూపించారు. కిరోసిన్‌లో మునిగి ఉన్న ముక్కని పట్టకారుతో తీసి, వడపోత కాగితం మీద అద్ది, చాకుతో కోశారు. లోహమంటే ఇనుములా గట్టిగా ఉండాలనుకున్న పిల్లలు అది గడ్డకట్టిన వెన్నలా తెగడం చూసి నోరు తెరిచారట. కోసినచోట వెండిలా మెరిసి, గాలి తగలగానే వాళ్ళ కళ్ళముందే మసకబారింది. పెసరగింజంత ముక్కని నీళ్ళ తొట్టెలో వేశారు. సోడియం నీటికన్నా కాస్త తేలిక, అందుకని తేలింది. అది 98 డిగ్రీలకే కరిగే లోహం, నీటితో చర్య జరిగి పుట్టిన వేడికి తానే కరిగి ముత్యంలా గుండ్రంగా మారి, బుసకొడుతూ నీటి మీద పరుగులు పెట్టింది. నీళ్ళలో ముందే ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకి తిరిగే ద్రవం) చుక్కలు వేసి ఉంచారు కాబట్టి అది వెళ్ళిన దారంతా గులాబీ రంగు తేలింది.

రెండో ముక్క ఉండాల్సినదానికన్నా పెద్దదైంది. పైగా తొట్టె అంచుకి అంటుకుని కదలకుండా ఉండిపోయింది. వేడంతా ఒకేచోట చేరి, నీటి నుంచి వెలువడుతున్న హైడ్రోజన్ వాయువు భగ్గుమంది. పసుపు మంట, ఢామ్మని చప్పుడు, గాజు తొట్టెకి ఒక బీట. పిల్లలు కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు మీటర్ల అవతల గీసిన గీత వెనకే ఉన్నారు. ముక్క పెద్దది కావడం మా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇకమీదట బియ్యపు గింజ కన్నా పెద్ద ముక్క వాడకూడదని, తొట్టె మీద తీగ జల్లెడ ఉండి తీరాలని ల్యాబ్ తలుపు మీద రాయించాను. ప్రయోగాన్ని మాత్రం ఆపను.

"అసలు మూలకాల పట్టిక పాఠం సిలబస్‌లోనే లేదు కదా మేడం, టైమ్ వేస్ట్ కాదా?" అని ముగ్గురు నలుగురు అడిగారు. నిజమే. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన పదో తరగతి పుస్తకంలో ఆవర్తన పట్టిక, అంటే మూలకాలన్నిటినీ గుణాల ప్రకారం వరుసల్లో సర్దిన పట్టిక, ఆ అధ్యాయం లేదు, పదకొండో తరగతిలో ఉంది. అంటే పది తరవాత కామర్సుకో ఆర్ట్సుకో వెళ్ళే పిల్లలు ఆ పాఠం ముఖమే చూడకుండా బడి దాటిపోతారు. ఇరవై ఆరేళ్ళు ఇదే పాఠం చెప్పినదాన్ని, దీనికి నేనెలా ఊరుకోగలను? అది బట్టీ పట్టాల్సిన 118 పేర్ల జాబితా కాదండీ. లిథియం, సోడియం, పొటాషియం ఒకే నిలువు వరుసలో ఉన్నాయంటే ఒకే ఇంటి పిల్లలన్నమాట. మూడూ నీళ్ళు తగిలితే రేగుతాయి, కిందికి వెళ్ళేకొద్దీ దుడుకు ఎక్కువ. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు మూడు కక్ష్యల్లో 2, 8, 1గా సర్దుకుంటాయి. చివరి ఆ ఒక్కటి వదిలించుకోవాలనే దాని ఆత్రమే మంగళవారం మీ పిల్లలు విన్న చప్పుడు. క్లోరిన్‌లో 2, 8, 7. చివరి కక్ష్యలో ఎనిమిది నిండడానికి దానికి ఒకటి తక్కువ. నీళ్ళలో మండే లోహమూ, ఊపిరాడనివ్వని విషవాయువూ కలిస్తే చినగంజాం మళ్ళలో పండే ఉప్పు! 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ ఈ పట్టిక వేసేనాటికి తెలిసిన మూలకాలు 63. మిగతావాటిలో కొన్ని ఎక్కడ ఉండాలో చూసుకుని ఖాళీ గళ్ళు వదిలాడు. అల్యూమినియం కింద వదిలిన గడిలోని లోహాన్ని 1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టి గాలియం అన్నాడు, సాంద్రత (నీటికన్నా ఎన్ని రెట్లు బరువో చెప్పే లెక్క) 4.7 అని లెక్కగట్టాడు. ఆ లోహాన్ని కంటితో చూడని మెండలీవ్ 5.9 ఉండాలి, శుద్ధి చేసి మళ్ళీ చూడమని ఉత్తరం రాశాడు. మళ్ళీ చూస్తే 5.9! ఇది పిల్లలకి చెప్పొద్దంటారా? గాలియం దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, మన గుంటూరులో మే నెలలో బీరువాలో పెట్టినా నీళ్ళలా ఉంటుంది అంటే క్లాసంతా ఒక్కసారిగా నవ్వుతారు. ఆ నవ్విన పిల్లలు ఆ మూలకాన్ని జన్మలో మర్చిపోరు.

ఆ రోజు అందరూ కేకలు పెడుతుంటే బి సెక్షన్ అమ్మాయి ఒకతె మాత్రం కదలకుండా నిలబడి, "సార్, ఈ పసుపు మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో పాత వీధి దీపం పసుపే కదా?" అని అడిగిందట. అదే పసుపు. ఆ దీపాల్లో వెలిగేది సోడియం ఆవిరే. మాస్టారు వచ్చి చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఆ పసుపుకీ మన ఊరికీ చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎక్కడికి వచ్చాడనుకున్నారు? మన గుంటూరుకే. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనబడింది. సోడియం కాంతిలో కనబడే పసుపు గీతలకి ఎంత దగ్గరంటే, మొదట అది సోడియందే అనుకోవడం సహజం. ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే ఏడాది ఆ గీతని జాగ్రత్తగా కొలిచి, సోడియంది కాదని తేల్చాడు. భూమ్మీద ఎవరూ ఎరగని ఆ మూలకానికి సూర్యుడి పేరు మీదే హీలియం అన్నారు. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని రాబట్టేదాకా, అంటే 27 ఏళ్ళు, అది సూర్యుడి సొత్తే. మన ఊరి ఆకాశం కింద మొదలైన ఈ కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ అమ్మాయికి ఇప్పుడు తెలుసు. కాంతిని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపు చేసుకుంటానని పాత సీడీ ముక్క, అగరువత్తుల డబ్బా పట్టుకొచ్చింది.

ఆరో తరగతి అబ్బాయి ఒకడి సంగతి కూడా రాయాలి. వాడి పేరు జె అక్షరంతో మొదలవుతుంది. వరండాలోని చార్టు ముందు రెండు రోజులు భోజనం బెల్లు కొట్టినా కదలకుండా కూర్చుని, పట్టిక మొత్తంలో జె లేదని తేల్చాడు. క్విజ్ పుస్తకంలోనూ అలాగే ఉంది, జె ఒక్కటే లేదని. వాడు ఊరుకోలేదు. "క్యూ కూడా లేదు మేడం, పుస్తకం తప్పు" అన్నాడు. వాడే కరెక్టు. 114వ మూలకానికి అన్‌అన్‌క్వాడియం అనే తాత్కాలిక పేరు ఉన్నంతకాలం క్యూ ఉండేది. 2012లో ఫ్లెరోవియం అని పెట్టాక అదీ పోయింది. పుస్తకం పాతది, పిల్లవాడి చూపు కొత్తది. ఏడో తరగతి అమ్మాయి "మా ఇంట్లో మూలకాలు" పనికి నాయనమ్మ ఇత్తడి గిన్నె తెచ్చి, లోపల పూసిన కళాయి తగరమని, గిన్నేమో రాగీ తుత్తునాగమూ కలిసిందని తన చేతిరాతతో చీటీ అంటించింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒకచోట కొట్టివేత కూడా ఉంది. మొదటి బహుమతి దానికే ఇచ్చాను.

ఎందుకిచ్చానని ఇద్దరు తల్లులు అడిగారు కాబట్టి వివరంగానే చెబుతాను. మీరు ఎంతో ప్రేమతో, రాత్రి పదకొండింటిదాకా మేల్కొని చేసిన థర్మోకోల్ మోడళ్ళు చాలా అందంగా ఉన్నాయి. దుకాణంలో కొన్నవి ఇంకా అందంగా ఉన్నాయి, ఒకే దుకాణంలో కొన్నట్టున్నారు, నాలుగూ ఒకేలా వచ్చాయి. దయచేసి పిల్లల పని పిల్లల్ని చేయనివ్వండి.

ఇంకొక మాట. గత నెలలో ఒక పిల్లవాడు పగిలిన థర్మామీటర్‌లోని పాదరసం అగ్గిపెట్టెలో పోసుకుని బడికి తెచ్చాడు. ఇంట్లో తెలిసే ఇచ్చి పంపారట, "ముద్దుగా దొర్లుతుంది, ఫ్రెండ్స్‌కి చూపిస్తాడని". కళ్ళద్దాలతో, గీత వెనక నుంచి చూసిన సోడియానికి అంత కంగారుపడ్డ మనం, చేతిలో దొర్లే పాదరసానికి ఎందుకు పడం? దాని ఆవిరి కంటికి కనబడదు, మెదడుకీ నరాలకీ హాని. ఇంట్లో పగిలితే పిల్లల్ని బయటికి పంపి కిటికీలు తెరవండి. చీపురుతో ఊడవకండి, బొట్లు చిన్నచిన్నవై గదంతా పరుచుకుంటాయి. గట్టి అట్టముక్కతో ఒకచోటికి నెట్టి, బిగుతు మూత ఉన్న సీసాలోకి ఎత్తండి. చెత్తబుట్టలోగానీ సింకులోగానీ వేయకండి.

రెండో టర్మ్ ఫీజు 20వ తేదీలోగా కట్టాలి. రెండో శనివారం సెలవు. బ్రాడీపేట బస్సు పది నిమిషాలు ముందు వస్తుంది. స్వెట్టర్ల మీద పేర్లు కుట్టించండి.

వచ్చే శనివారం ఉదయం మాస్టారు అదే ప్రయోగాన్ని మీ అందరి ముందు మళ్ళీ చేస్తారు. గ్రూపులో మెసేజీ పెట్టినవాళ్ళు తప్పకుండా రావాలని నా కోరిక. తొమ్మిదిన్నరకి ల్యాబ్ తలుపు తీస్తాం. కళ్ళద్దాలు మేమే ఇస్తాం. చెప్పులతో వస్తే గీత దాకా రానివ్వం, బూట్లు వేసుకుని రండి. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ నిలబడి ఏం జరుగుతోందో మీకు చెబుతారు. వాళ్ళని మధ్యలో ఆపకుండా వినండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు